మారతహళ్లిలో గలతీ పత్రిక క్లాసు: వెళ్ళొచ్చా?

బెంగుళూరులో తెలుగు ఆరాధనలకు కొదవ లేదు. మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్, ఎటు వెళ్ళినా ఆదివారం పొద్దున తెలుగు పాట వినిపిస్తుంది. కానీ బైబిల్లోని ఒక పత్రికను, అంటే సంఘాలకు రాసిన ఒక ఉత్తరాన్ని, మొదటి వచనం నుంచి చివరిదాకా కూర్చోబెట్టి చదివించేవాళ్ళు అరుదు. అందుకే ఈ క్లాసు గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. మారతహళ్లి బ్రిడ్జి దాటాక మున్నేకొళాల వైపు, ఒక ఆంధ్రా మెస్ పైనున్న హాల్లో, కొన్ని తెలుగు కుటుంబాలు కలిసి నడుపుతున్నాయి. బోర్డు లేదు, ఫీజు లేదు, కానుకల సంచి కూడా తిప్పరు. చెప్పేది ఒంగోలు వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ హైస్కూలు టీచరు. అందరూ మాస్టారనే పిలుస్తారు.

గలతీ పత్రిక అంటే గలతీయలోని సంఘాలకు అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం. మొదటి సాయంత్రం దాన్ని తెరవనే లేదు. అపొస్తలుల కార్యములు 15 చదివించారు. క్రీస్తును నమ్మితే చాలదు, సున్నతి కూడా పొందాలి, మోషే ధర్మశాస్త్రం పాటించాలి అని కొందరు పట్టుబట్టిన సందర్భం అది. మన పితరులూ మనమూ మోయలేకపోయిన కాడిని శిష్యుల మెడ మీద ఎందుకు పెడతారని అడిగింది యేసు శిష్యుడు పేతురే. ఇది ముందు తెలిసి ఉంటే గలతీలో పౌలు కోపం ఎక్కడిదో తేలిగ్గా అర్థమవుతుంది.

మాస్టారు వచనం ఒకరి చేత బిగ్గరగా చదివిస్తారు, ప్రశ్న వేస్తారు, జవాబు వచ్చేదాకా ఆగుతారు. రెండో అధ్యాయంలో అంతియొకయ సంగతి వచ్చినప్పుడు క్లాసంతా ఆ నాలుగు వచనాల మీదే నడిచింది. పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి భోంచేస్తున్నాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే వాళ్ళకు భయపడి పక్కకు తప్పుకున్నాడు. చివరికి పౌలు తోటి సేవకుడు బర్నబా కూడా అటే పోయాడు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. "అన్నం దగ్గర విషయానికి ఇంత గొడవ ఎందుకు?" అని మాస్టారు అడిగితే హాల్లో ఎవరూ నోరు విప్పలేదు. ఆయనే అన్నారు: "మన ఊళ్ళలో మాలపల్లికో చర్చి, మాదిగపల్లికో చర్చి ఎందుకున్నాయో ఆలోచించండి. అందరి పాపాన్నీ ఒకే రక్తం కడిగిందని పాడతాం. పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతాం." వెనక వరుసలో ఒకాయన లేచి, "అది సంఘాల సంగతండీ, రక్షణ సంగతి కాదు గదా" అన్నారు. మాస్టారు 14వ వచనం మళ్ళీ చదివించారు. వాళ్ళు సువార్త సత్యం చొప్పున నడవడం లేదనే పౌలు అన్నాడు. దేవుడు ఉచితంగా చేర్చుకున్నవాణ్ణి మనం పంక్తిలోంచి లేపితే సువార్తనే కాదన్నట్టు. ఈ వచనాన్ని గబగబా దాటేసే ప్రసంగాలు చాలా విన్నాను. ఇక్కడ దాటలేదు.

అబ్రాహాము సంగతి మాత్రం చిన్నగా తేల్చేశారు, అది చాలు కూడా. బోర్డు మీద ఒక గీత. అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది: ఆదికాండము 15. సున్నతి 17వ అధ్యాయంలో, అప్పటికి అతనికి 99 ఏళ్ళు. ధర్మశాస్త్రం దేవుడు అతనికిచ్చిన వాగ్దానానికి 430 ఏళ్ళ తర్వాత వచ్చిందని పౌలు లెక్క. అంటే నమ్మకమే ముందు. మరి శాస్త్రం ఎందుకంటే రోమా 3:20 చూపించారు. పాపమేదో అది తెలియజేస్తుంది, తీసివేయడం దాని వల్ల కాదు.

ఐదో అధ్యాయం చదువుతున్నప్పుడు ఒక అక్క అడిగిన ప్రశ్న కోసమైనా ఈ రివ్యూ రాయాలనిపించింది. అత్తగారి సంఘంలో నగలన్నీ తీసేస్తేనే బాప్తిస్మం అన్నారట. "తాళి కూడా తీసిపెట్టాను మాస్టారూ. మా అమ్మ ఏడ్చింది. తీయకపోతే దేవుడు నా పాపాలు క్షమించడా?" మాస్టారు ఆవిడ చేతే మూడో వచనం చదివించారు. సున్నతి పొందినవాడు ధర్మశాస్త్రమంతా ఆచరించడానికి బద్ధుడని పౌలు అంటాడు. "క్రీస్తు పక్కన ఒక్క షరతు పెట్టామంటే అది ఒక్కదానితో ఆగదమ్మా. మిగతావన్నీ మోయాలి. నీ క్షమాపణకు నగలతో పని లేదు," అన్నారు. వెంటనే మా అందరి వైపు తిరిగి, "నగలు పెట్టుకోనివాళ్ళను తక్కువగా చూడకండి. దేవుడి మీద ప్రేమతో వదిలేసుకున్నవాళ్ళున్నారు, వాళ్ళది గొప్ప మనసు. దాన్ని క్షమాపణకు వెలగా పెట్టినప్పుడే పౌలు అడ్డం పడతాడు," అని ఆరో వచనంలో ప్రేమ వలన పనిచేసే విశ్వాసం దగ్గర ఆగారు. ఎవరినీ చిన్నబుచ్చకుండా, మెలిక లేకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళు నాకు తారసపడలేదు.

నేను బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేస్తాను. మత్తయి 18లో పదివేల తలాంతులు అప్పుపడ్డ దాసుడి ఉపమానం చదివినప్పుడు లెక్క కట్టి చూశాను. దేనారం ఒక రోజు కూలి, తలాంతు సుమారు 6,000 దేనారాలు. మొత్తం ఆరు కోట్ల రోజుల కూలి. దాసుడు అడిగింది గడువు. రాజు అప్పే కొట్టేశాడు. మా దగ్గర రైటాఫ్ అని ఒకటుంది. అది పద్దు సర్దుకోవడానికే గానీ బాకీ పోదు, వసూలు నడుస్తూనే ఉంటుంది. మాఫీ అలా కాదు, అప్పు పోతుంది, ఆ నష్టం ఎవరో ఒకరు భరిస్తారు. మన విశ్వాసుల్లో చాలామంది తమ పాపం రైటాఫ్ అయిందన్నట్టే బతుకుతున్నారు. ఉపవాస ప్రార్థన తప్పితే భయం, దశమభాగం ఆలస్యమైతే భయం, బిడ్డకు జ్వరమొస్తే ఏ పాపానికోనని భయం. వాళ్ళకు గలతీ 2:21 చదివి వినిపించాలి: "నీతి ధర్మశాస్త్రమువలననైతే ఆ పక్షమందు క్రీస్తు చనిపోయినది నిష్‌ప్రయోజనమే." నష్టం ఆయన సిలువ మీద పూర్తిగా భరించాడు.

ఆ ఉపమానం చివర, తోటి దాసుడి చిన్న బాకీని క్షమించనందుకు రాజు ఆ దాసుణ్ణి మళ్ళీ పట్టిస్తాడు గదా అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. క్షమించనివాడు తన అప్పెంతో, దాన్ని కొట్టేసిందెవరో ఎన్నడూ గ్రహించలేదు అన్నారు మాస్టారు. జవాబు సరైనదే. కానీ టైమైందని రెండు మాటల్లో ముగించడం బాగాలేదు. ఆ ప్రశ్నకు ఒక సాయంత్రం కేటాయించాల్సింది. యాకోబు పత్రిక 2వ అధ్యాయానికీ ఇదే గతి పట్టింది, క్రియలు లేని విశ్వాసం మృతమన్న మాటను చివర్లో హడావుడిగా తేల్చారు. కృప ఉంది కదా అని పాపంలోనే ఉండిపోదామా అన్న రోమా 6 మాత్రం బాగా చెప్పారు. క్షమాపణ పొందినవాడు పాత జీవితానికి చచ్చినవాడు, తిరిగి అందులో ఎలా బతుకుతాడని.

ఇంకో లోటు. కతోలికులు క్రియల వల్లే రక్షణ అంటారని నిర్వాహకుల్లో ఒకాయన తేలిగ్గా అనేశారు. విజయవాడ నుంచి వచ్చిన కతోలిక సోదరి ఒకావిడ నొచ్చుకుంది. తర్వాతి వారం మాస్టారే 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన తెచ్చారు. మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లే దేవుడు చేర్చుకుంటాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులూ చేరారు. భేదాలు పూర్తిగా పోలేదని కూడా ఆయన చెప్పారు. ఇలాంటివి ముందే సిద్ధం చేసుకుంటే బాగుండేది.

హాల్లో ఫ్యాన్లు గట్టిగా మోగుతాయి, ముందు వరుసలో కూర్చోండి. జెరాక్స్ నోట్సులో అక్షరాలు మసకగా ఉంటాయి, సొంత నోటుబుక్కు తెచ్చుకోవడం మేలు. ఏడున్నరకు మొదలని చెబుతారు గానీ ట్రాఫిక్ వల్ల ఎనిమిదవుతుంది, ముగిసేసరికి తొమ్మిదిన్నర. పీజీల్లో ఉండే అమ్మాయిలకు గేటు టైము ఇబ్బంది, నిర్వాహకులు దీని గురించి ఏదో ఒకటి చేయాలి. కొత్తవాళ్ళు ఎప్పుడైనా చేరవచ్చు. క్రైస్తవులు కానివాళ్ళూ వస్తున్నారు, ఎవరినీ ముందుకు పిలిచి ఇబ్బంది పెట్టరు. తర్వాత రోమా పత్రిక మొదలుపెడతారట. చేరదలచినవాళ్ళు నాలుగో అధ్యాయం ఒకసారి చదువుకుని రండి.