ఎలుక రక్తంలో సీకే-ఎంబీ: కిట్టా, జెల్లా?

అమలాపురం దగ్గర మా ఫార్మసీ ల్యాబ్‌లో ఎలుక గుండె దెబ్బతిందో లేదో చూడ్డానికి రక్తంలో సీకే-ఎంబీ కొలుస్తాం. సీకే (క్రియాటిన్ కైనేజ్) అనే ఎంజైమ్ ఎం, బీ అనే భాగాల జతగా ఉంటుంది: ఎంఎం, ఎంబీ, బీబీ. గుండె దెబ్బతింటే ఎంబీ రక్తంలో పెరుగుతుంది. దాన్ని కొలవడానికి రెండు దారులున్నాయి. కిట్ అయితే నిమిషాల పని. అందులోని యాంటీబాడీ ఎం భాగాన్ని అణిచేస్తుంది; మిగిలిన బీ పనిని కొలిచి, ఎంబీలో బీ సగమే కాబట్టి రెండుతో హెచ్చిస్తారు. కానీ ఆ యాంటీబాడీ మనిషి ఎం భాగాన్ని అణచడానికి చేసింది. ఎలుక ఎం పూర్తిగా అణగకపోతే, మిగిలినదంతా బీ ఖాతాలో పడి, పైగా రెండుతో హెచ్చించాక అంకె ఉబ్బిపోతుంది. ఒకసారి మాకు మొత్తం సీకే కంటే ఎంబీయే ఎక్కువొచ్చింది! ముక్క మొత్తం కంటే పెద్దదెలా అవుతుంది?

రెండో దారి అగరోజ్ జెల్: కరెంటు పెట్టి విడదీస్తే దాని మీద ఎంఎం, ఎంబీ, బీబీ విడివిడి పట్టీలుగా కంటికి కనిపిస్తాయి. సగం రోజు పోతుంది, మధ్యలో కరెంటు పోతే టెన్షన్. అయినా నా ఓటు జెల్‌కే.

కిట్ వాడక తప్పదంటే, ఎర్రకణాలు పగిలి ఎర్రబారిన సీరం మాత్రం పెట్టకండి. ఎర్రకణాల్లోని అడినిలేట్ కైనేజ్ అనే ఇంకో ఎంజైమ్ కూడా అంకెను పెంచేస్తుంది.