మోకాలి ఆపరేషన్‌కని వెళ్తే ముందు మెడకి చేశారు: అమ్మ ట్రీట్‌మెంట్, హాస్పిటల్ రివ్యూ

ముందే చెప్తున్నా, హాస్పిటల్ పేరు రాయట్లేదు. కింద బిల్లింగ్ వాళ్ళని కొంచెం తిట్టబోతున్నా, పైగా డాక్టర్లని అడక్కుండా వాళ్ళ పేర్లు పెట్టడం బాగోదు. విజయవాడలో ఒక పెద్ద కార్పొరేట్ హాస్పిటల్, అంతవరకు చాలు. ఈ మెడ సర్జరీ గురించి తెలుగులో వెతికితే నాకు ఒక్క ముక్క దొరకలేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మా అమ్మకి 61 ఏళ్ళు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి 19 ఏళ్ళు అయింది, మా ఊళ్ళో అందరూ కీళ్ళవాతం అంటారు. ఆదివారం ఆదివారం మెథోట్రెక్సేట్, రోజూ ఒక చిన్న వైసోలోన్ (స్టెరాయిడ్ మాత్ర), ఇలా నడుస్తోంది. వేళ్ళు వంకర్లు పోయాయి, మణికట్లు వాచి ఉంటాయి, కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయి బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. సరే మోకాలు మార్పించేద్దాం అని అన్నీ సర్దుకుని వెళ్ళాం. మెడ గురించి ఎవరం ఆలోచించలేదు.

నిజం చెప్పాలంటే ఆలోచించాల్సింది. ఏడాది నుంచి తల వెనక, పిడికిలి పెట్టేంత చోట, నొప్పి అంటూనే ఉంది. తల వంచితే వీపులోంచి కాళ్ళ దాకా కరెంట్ పాకినట్టు ఉందే అనేది. జాకెట్టు హుక్స్ పెట్టుకోలేక నన్ను పిలిచేది, వేళ్ళు వంకర కదా అందుకే పట్టు దొరకట్లేదు అనుకున్నాం అందరం, అమ్మ కూడా అదే అనుకుంది. ఊళ్ళో ఒక ఫిజియోథెరపీ సెంటర్‌లో పది రోజులు మెడకి ట్రాక్షన్ కూడా పెట్టించాం, అంటే గడ్డం కింద పట్టీ కట్టి బరువు వేలాడదీస్తారు చూడండి, అది. తర్వాత సర్జన్ గారికి ఈ సంగతి చెప్తే ఆయన పెన్ను కింద పెట్టి నా మొహం చూశారు, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

అసలు విషయం పట్టుకుంది మత్తు డాక్టర్ మేడం. మోకాలి ఆపరేషన్‌కి ముందు ఫిట్‌నెస్ చూస్తారు కదా, చాలా చోట్ల బీపీ, షుగర్, ఈసీజీ చూసి సంతకం పెట్టి పంపేస్తారు. ఈ మేడం అమ్మని నోరు తెరవమన్నారు, మెడ కదపమన్నారు, తర్వాత “ఆర్థరైటిస్ ఎన్నాళ్ళ నుంచమ్మా?” అని అడిగారు. పంతొమ్మిదేళ్ళు అనగానే ఫైల్ మూసేశారు.

“మెడ ఎక్స్‌రే ఎప్పుడన్నా తీశారా?”

“తీశారండి, అరుగుదల అన్నారు” అన్నాను నేను.

“తల వంచి తీశారా?”

నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఎక్స్‌రే అంటే ఎక్స్‌రేనే కదా, వంచేదేంటి అనుకున్నా.

పంపించారు. ఒకటి తల ముందుకి వంచి, ఒకటి వెనక్కి వాల్చి. ఇక్కడ ఎక్స్‌రే రూమ్‌లో అబ్బాయికి ఫుల్ మార్కులు ఇస్తా, చెయ్యి వెయ్యలేదు, “మీ అంతట మీరు ఎంత వంచగలిగితే అంతేనమ్మా, నొప్పొస్తే ఆగిపోండి” అన్నాడు. పక్కవాళ్ళు మెడ పట్టుకుని వంచకూడదట. ఖర్చు కూడా ఏం లేదు, ఆ రోజు కారు పార్కింగ్, మా టిఫిన్లు కలిపితే దానికి దగ్గరదగ్గర అంతే.

స్పైన్ సర్జన్ గారు రెండు ఫిల్మ్‌లు పక్కపక్కన పెట్టి చూపించారు. మెడలో మొదటి పూస గుండ్రంగా ఉంగరంలా ఉంటుంది, రెండో పూసకి పైకి ఒక మేకు లాంటిది ఉంటుంది, ఆ మేకు చుట్టూ ఉంగరం తిరుగుతుంది కాబట్టే మనం తల అటూ ఇటూ తిప్పగలుగుతున్నాం. మేకుని ముందుకి అదిమి పట్టే గట్టి పట్టీ ఒకటి ఉంటుంది, కీళ్ళవాతం అక్కడి కీలుకి కూడా పట్టి ఆ పట్టీని తినేస్తుంది. ఆయన ఇంకా చెప్తుండగానే మా అమ్మ “అంటే తిరగలి మేకు వదులైందన్నమాట” అంది. డాక్టర్ గారు నవ్వి ఇంతకన్నా నేనేం చెప్పలేనమ్మా అన్నారు.

ఇప్పుడు లెక్క. ఉంగరం ముందు భాగానికీ మేకుకీ మధ్య సందు పెద్దవాళ్ళలో 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అమ్మకి తల వెనక్కి వాల్చినప్పుడు 3, వంచినప్పుడు 9. మేకు వెనకాల వెన్నుపాముకి మిగిలే చోటు 14 కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్టేనట, అమ్మకి 13. పాత ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవడానికి కారణం అదే, నిటారుగా కూర్చోబెట్టి తీశారు, అప్పుడు పూస దాని చోటికి అది వెళ్ళిపోతుంది. ఎమ్మారై కూడా పడుకోబెట్టి తీస్తారు కాబట్టి కదలిక పూర్తిగా తెలియకపోవచ్చన్నారు, కాకపోతే నరం మీద ఒత్తిడి, మేకు చుట్టూ పెరిగిన వాపు కండ దాంట్లో కనపడ్డాయి. (ఎమ్మారైకి గాజులు తీయమంటే వాచిన చేతుల్లోంచి రాలేదు, సబ్బు రాసినా రాలేదు, చివరికి కట్ చేయించాం. అమ్మకి ఆపరేషన్ కన్నా ఆ గాజుల మీదే ఎక్కువ బాధ.)

హుక్స్ సంగతి కూడా అప్పుడే తెలిసింది. మోకాలి కింద సుత్తితో కొడితే అమ్మ కాలు మామూలు కన్నా గట్టిగా ఎగిరిపడింది, అది వెన్నుపాము నలుగుతున్న గుర్తు. అంటే ఏడాదిగా మేం వేళ్ళ వంకర అనుకున్నదాంట్లో సగం మెడలోంచి వస్తున్న బలహీనత. కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో ఇదే మోసం, చేతులు ఎలాగూ పనిచెయ్యవు కాబట్టి ఇంకొంచెం పనిచెయ్యకపోతే ఎవరికీ అనుమానం రాదు.

కేస్ షీట్‌లో రనావత్ గ్రేడ్ 2 అని రాశారు. ఎవరీ రనావత్ అని అడిగితే ట్రైనీ డాక్టర్ చెప్పాడు, చిత్రంజన్ రనావత్ అని మనవాడే, న్యూయార్క్‌లో ఎముకల సర్జన్, 1979లో ఈ గ్రేడ్‌లు పెట్టింది ఆయన బృందమే, తర్వాత వాజ్‌పేయి ప్రధానిగా ఉన్నప్పుడు రెండు మోకాళ్ళూ మార్చింది కూడా ఆయనేనట. మోకాలి కోసం వచ్చిన మాకు మెడ కాగితం మీద మోకాళ్ళ డాక్టర్ పేరు! గ్రేడ్ 2 అంటే బలహీనత మొదలైంది, ఇంకా నడుస్తోంది. 3బి అంటే అసలు నడవలేరు, ఆ దశకి వచ్చాక చేస్తే ఫలితం అంత బాగుండదు అన్నారు. “ఇప్పుడు మోకాలికి మత్తిచ్చి ట్యూబ్ వెయ్యడానికి తల కదిపితే ఏమవుతుందో నేను గ్యారంటీ ఇవ్వలేను” అని మత్తు మేడం కూడా తేల్చేశారు. ఇక మేం ఆలోచించడానికి ఏం మిగల్లేదు.

చేసింది గోయల్-హార్మ్స్ పద్ధతి. మొదటి పూసలో రెండు స్క్రూలు, రెండో పూసలో రెండు, వాటిని టైటానియం రాడ్లతో కలపడం, మధ్యలో తుంటి దగ్గర్నుంచి తీసిన ఎముక ముక్కలు పెట్టడం. పూర్వం తీగలతో కట్టేవాళ్ళట. స్క్రూలు, ప్లేట్లతో ఇలా చెయ్యడం మన ముంబై కేఈఎమ్ హాస్పిటల్ అతుల్ గోయల్ గారు 1988లో మొదలుపెట్టి 1994లో ప్రచురించారు, తర్వాత 2001లో జర్మనీ డాక్టర్ హార్మ్స్ రాడ్లతో మార్పు చేశారు. మన దేశంలో మొదలైన పని మన అమ్మకి చేస్తున్నారంటే అదో ధైర్యం, లాజిక్ ఏం లేదనుకోండి.

ఆ పూసల పక్కనుంచే మెదడుకి వెళ్ళే రక్తనాళం పోతుంది, కొందరిలో అది స్క్రూ వెళ్ళే దారికి అడ్డంగా ఉంటుందట, అందుకే ముందు సీటీ యాంజియో అని రక్తనాళాల స్కాన్ తీశారు. ఎముక గట్టిదనం కూడా చూశారు, ఇన్నేళ్ళు స్టెరాయిడ్ వాడిన ఎముకలో స్క్రూ పట్టు దొరకాలి కదా. మెథోట్రెక్సేట్ ఆపలేదు. వైసోలోన్ మానెయ్యొద్దన్నారు, ఆపరేషన్ రోజు పైనుంచి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు.

ట్యూబ్ వేసేటప్పుడు అమ్మ మెలకువగానే ఉంది, గొంతు మొద్దుబారేలా స్ప్రే కొట్టి, సన్నటి కెమెరా గొట్టంతో, మెడ కదపకుండా వేసి అప్పుడు పూర్తి మత్తు ఇచ్చారు. మేడం ముందు రోజు రూముకొచ్చి ఇదంతా అమ్మకే చెప్పారు, నాకు కాదు, అమ్మకి. “దగ్గు వస్తుందమ్మా, భయపడకండి, నా చెయ్యి పట్టుకోండి” అన్నారు. ఈ ఒక్క దానికి ఎన్ని స్టార్లు ఉంటే అన్నీ.

నాలుగు గంటలు పట్టింది. బయటికొచ్చాక చూస్తే తల వెనక సగం దాకా గొరిగేశారు, తలని బిగించిన మూడు పిన్నుల గుర్తులు మూడు ఎర్ర చుక్కలు. మర్నాడు అమ్మ తడుముకుని “తిరుపతిలో ఇచ్చుంటే పుణ్యమన్నా దక్కేది” అంది. అప్పుడు నాకు ఊపిరొచ్చింది.

నొప్పి మెడకన్నా ఎముక తీసిన తుంటి దగ్గరే ఎక్కువ అంది వారం పాటు. తల వెనక కొంత చోట మొద్దు, అక్కడి నరం స్క్రూ దారిలోనే ఉంటుంది కాబట్టి అలా అవుతుందని ముందే చెప్పారు, ఇప్పటికీ ఉంది. వార్డ్ సిస్టర్లు పక్కకి తిప్పాలంటే ముగ్గురు కలిసి ఒకేసారి దుంగని దొర్లించినట్టు తిప్పేవాళ్ళు, రాత్రి రెండింటికి పిలిచినా ముగ్గురూ వచ్చారు.

ఇప్పుడు తిట్లు. మోకాలికని ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చింది, మెడకి మళ్ళీ కొత్తగా పెట్టాలన్నారు, సరే. కానీ టీపీఏ డెస్క్‌లో (ఇన్సూరెన్స్ పనులు చూసే చోటు) పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు, ఎవరికి వాళ్ళు మొదటి నుంచి చెప్పించుకున్నారు, రెండు రోజులు పోయాయి. డిశ్చార్జ్ పొద్దున పదింటికి అన్నారు, మేం గేటు దాటింది సాయంత్రం ఆరున్నరకి, మెడకి ఆపరేషన్ అయిన మనిషిని మంచం ఖాళీ చేయించి కుర్చీలో కూర్చోబెట్టారు, నేను గొడవ చేస్తే గానీ మళ్ళీ మంచం ఇవ్వలేదు. గ్లౌజులు, దూది, అదీ ఇదీ కన్స్యూమబుల్స్ అని ఇన్సూరెన్స్ కట్టని లిస్టు ఒకటి చివర్లో చేతిలో పెట్టారు, రెండు పేజీలు. మెడకి పెట్టే గట్టి కాలర్ (ఫిలడెల్ఫియా కాలర్ అంటారు) వాళ్ళ ఫార్మసీలో కొనిపించారు, రెండోది బయట సర్జికల్ షాపులో కొంటే దాదాపు సగం ధర.

రెండు కాలర్లు మాత్రం కొనుక్కోండి. విజయవాడ ఎండల్లో ఎనిమిది వారాలు ఫిలడెల్ఫియా కాలర్ అంటే చెమటకి పొక్కులొచ్చేస్తాయి, ఒకటి ఉతికి ఆరేస్తే ఇంకోటి ఉండాలి. అమ్మకి కిందికి చూడటం కుదరదు కాబట్టి కంచంలో ఏముందో కనపడదు, స్టూల్ మీద రెండు బియ్యం డబ్బాలు పెట్టి వాటి మీద కంచం పెట్టేవాళ్ళం.

ఇప్పటికి ఏడు నెలలు. తల వెనక నొప్పి పోయింది, కరెంట్ పాకడం పోయింది. తల తిప్పడం సగానికి తగ్గింది, ఆ రెండు పూసల మధ్యే మెడ తిరుగుడులో సగం ఉంటుందట, పిలిస్తే మనిషంతా తిరిగి చూస్తుంది. హుక్స్ మూడింట్లో రెండు పెట్టుకుంటోంది, మూడోదానికి ఇంకా నేనే. చెడిన నరం మొత్తం తిరిగి రాకపోవచ్చు, ఇంకా చెడకుండా ఆపడానికే ఈ ఆపరేషన్ అని సర్జన్ గారు మొదటి రోజే చెప్పారు కాబట్టి దానికి స్టార్ తగ్గించను. డాక్టర్లు, సిస్టర్లకి 5, బిల్లింగ్‌కి 1.

ఆర్నెల్లకి తీసిన ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది అన్నారు. ఇప్పుడు మళ్ళీ మోకాలు. వచ్చే నెల అదే హాస్పిటల్, అదే మత్తు మేడం ఉన్న రోజు చూసి డేట్ తీసుకున్నాం, ఈసారి ఆ రెండు పేజీల లిస్టు అడ్మిషన్ రోజే ఇమ్మని అడిగాను. “చూస్తాం మేడం” అన్నారు.