రివైవ్ కోరల్ డిప్: పురుగు రాలుతుంది, గుడ్డు రాలదు

కొత్తగా తెచ్చిన కోరల్‌ని (పగడాన్ని) ఉప్పునీటి ట్యాంకులో పెట్టే ముందు, దాని మీది పురుగులు పోవడానికి ముంచి తీసే మందుల్లో (డిప్‌లలో) టూ లిటిల్ ఫిషీస్ వాళ్ల రివైవ్ చాలాకాలంగా వాడుకలో ఉంది. మొక్కల సారాలతో చేసిన ద్రవం. ఐదుకి నాలుగు మార్కులు వేయొచ్చు. ఆ ఒక్క మార్కు పోయింది గుడ్ల దగ్గర. పాకే పురుగును ఇది బాగా వదిలిస్తుంది, గుడ్డు జోలికి మాత్రం పోలేదు. ఈ తేడా తెలియకుండా ఒక్కసారి ముంచి పని అయిపోయిందనుకుంటే, కొన్ని వారాలకి అక్రోపొరా (కొమ్మలుగా పెరిగే కోరల్) మొదలు దగ్గర పాలిపోవడం మొదలవుతుంది.

మోతాదు లీటరు నీళ్లకి సుమారు 10 మిల్లీలీటర్లు. చిన్న ఫ్రాగ్‌లు (పెంచడానికి కోసిన కోరల్ ముక్కలు) నాలుగైదు ఉంటే రెండు లీటర్ల నీళ్లు, 20 మి.లీ. మందు చాలు. అంటే 500 మి.లీ. సీసా పాతిక సార్లకి వస్తుంది. సీసాని బాగా కుదిపి పోయాలి, లేకపోతే అడుగున పేరుకున్నదంతా చివరి మోతాదుల్లోకి వెళ్లి అవి ఘాటెక్కుతాయి. నీళ్లు మాత్రం కోరల్ వెళ్లబోయే ట్యాంకులోవే వాడాలి, అప్పుడు ఉప్పు, వేడి రెండూ సరిపోతాయి. కోరల్ వచ్చిన సంచిని ముందు పదిహేను ఇరవై నిమిషాలు వేరే బకెట్‌లోని ట్యాంకు నీళ్లలో తేలనివ్వండి. సంచిలోని నీళ్లు పారబోయడానికే, ట్యాంకులో ఒక్క చుక్క కూడా పడకూడదు. చాలామంది పట్టించుకోనిది మందు నీళ్ల వేడి. రెండు లీటర్లు పావుగంటలో ఇట్టే చల్లబడతాయి. కోరల్ ముడుచుకుపోతే తప్పంతా మందు మీద వేస్తాం గానీ, సగం సార్లు అది చలికి ముడుచుకున్నదే. టబ్బుని 26 డిగ్రీల నీళ్లున్న పెద్ద బకెట్‌లో కూర్చోబెడితే ఆ బెడద ఉండదు.

మూడు టబ్బులు కావాలి: ఒకటి మందుకి, రెండు కడగడానికి. మందు టబ్బు అడుగు తెల్లగా ఉండాలి. రివైవ్ కలిపితే నీళ్లు మసకబారతాయి. ముదురు రంగు టబ్బులో ఏం రాలిందో కనిపించదు, ఏం రాలిందో తెలియకపోతే తర్వాత ఏం చెయ్యాలో తెలియదు.

అక్రోపొరా, మాంటిపొరా లాంటి గట్టి ఎముకున్న కోరల్స్‌కి ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. బొత్తాల్లా గుంపుగా పెరిగే జోవాలు, మెత్తటి లెదర్ కోరల్స్ పది పదిహేను నిమిషాలు తట్టుకుంటాయి. ఈ సేపంతా రబ్బరు బుడ్డి ఉన్న బేస్టర్‌తో (పెద్ద డ్రాపర్ లాంటి గొట్టంతో) నిమిషానికోసారి కొమ్మల సందుల్లోకి, అడుగు కిందకి గట్టిగా నీళ్లు కొట్టాలి. మందు పురుగుకి మత్తెక్కించి పట్టు సడలిస్తుంది, ఊడదీసేది నీటి తోపే. బేస్టర్ వాడకుండా ఊరికే నానబెట్టేవాళ్లకి రివైవ్ పనిచెయ్యలేదనిపించడంలో వింత లేదు. పురుగు మత్తులో అక్కడే అతుక్కుని ఉండి, ట్యాంకు నీళ్లు తగలగానే తేరుకుంటుంది.

అక్రోపొరాని తినే ఫ్లాట్‌వార్మ్ (చదునైన పురుగు) కోరల్ మీద ఉన్నప్పుడు కళ్లు పొడుచుకున్నా కనపడదు. తిన్న కోరల్ రంగే దానికీ వస్తుంది. టబ్బులో రాలాక చూడండి: సగం పారదర్శకంగా, కోడిగుడ్డు ఆకారంలో, అంచులు లోపలికి ముడుచుకుంటూ మెల్లగా తిరుగుతుంటుంది. కోరల్ కార్చిన జిగురు తునక అనుకుని వదిలేసేలా ఉంటుంది. జిగురైతే బేస్టర్‌తో పీల్చగానే సాగుతుంది, పురుగు సాగకుండా ముద్దగా లోపలికి పోతుంది. మాంటిపొరాని తినే న్యూడిబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త) అయితే తెల్లగా, వీపు మీద కుచ్చులతో, నాలుగైదు మిల్లీమీటర్లు మించకుండా ఉంటుంది. జోవాల నుంచి సముద్రపు సాలీళ్లు, న్యూడిబ్రాంక్‌లు రాలతాయి. గుండ్రటి మెట్ల సన్‌డయల్ నత్త మాత్రం మూత బిగించుకుని కూర్చుంటుంది, దాన్ని పట్టకారుతో ఏరేయాల్సిందే.

ఇక గుడ్ల సంగతి. ఫ్లాట్‌వార్మ్ గుడ్లు బంగారు గోధుమ రంగులో, గుంపులుగా, కోరల్ చర్మం ఆగిపోయి ఎముక బయటపడిన చోట ఉంటాయి. న్యూడిబ్రాంక్ గుడ్లు తెల్లటి చిన్న ముద్దలు, పలక మాంటిపొరా అడుగు భాగంలో దొరుకుతాయి. రివైవే కాదు, ఇళ్లలో వాడే ఏ డిప్ అయినా వీటి పొరని దాటి లోపలికి పోతుందని నమ్మకం పెట్టుకోవద్దు. భూతద్దం, టార్చి పట్టుకుని వెతికి, బ్లేడుతో గీకేయాలి. అంతకన్నా మంచిది చచ్చిన మొదలుని కటర్‌తో తీసేసి, పాత ప్లగ్ (కోరల్‌ని అంటించిన చిన్న దిమ్మ) పారేసి, బతికిన కొమ్మని కొత్త ప్లగ్ మీద సూపర్ గ్లూ జెల్‌తో అంటించడం. ప్లగ్ మీద మమకారం పెంచుకోకండి. పువ్వులా ఉండి కలుపులా వ్యాపించే అయిప్టేసియా, వర్మెటిడ్ నత్తల గొట్టాలు, బుడగ పాచి అన్నీ దాని కింద నుంచే ట్యాంకులోకి వస్తాయి, వాటిలో దేన్నీ ఈ మందు చంపదు. కోసిన రోజే మళ్లీ మందులో ముంచకండి. ముందు ముంచి, తర్వాత కోసి, గాయం మానడానికి నాలుగు రోజులు వదలండి.

అక్రోపొరా మీద ఎర్ర చుక్కల్లా తిరిగే రెడ్ బగ్‌లకి రివైవ్‌ని నమ్ముకోవద్దు. అవి రొయ్యలకి దూరపు చుట్టాలు. కుక్కలకి ఇచ్చే మిల్బెమైసిన్ ఆక్సైమ్ వాటి మీద బాగా పనిచేస్తుంది, కానీ ట్యాంకులోని రొయ్యల్నీ పీతల్నీ కూడా వదలదు, కాబట్టి వేరే తొట్టిలోనే వాడాలి. తోటల్లో చల్లే ఇమిడాక్లోప్రిడ్ మందుల్ని డిప్‌గా వాడేవాళ్లూ ఉన్నారు. అవి అక్వేరియం కోసం చేసినవి కావు, సరిగ్గా కడగకపోతే ట్యాంకులో రొయ్యలు పోతాయి. మొదటిసారి ముంచేవాళ్లకి రివైవే నయం. అయోడిన్ డిప్‌ల పని పూర్తిగా వేరు. సీకెమ్ రీఫ్ డిప్‌ని 4 లీటర్లకి 5 మి.లీ. చొప్పున కలిపి పదిహేను నుంచి ముప్పై నిమిషాలు ఉంచుతారు. అది గాయాలకి, బ్యాక్టీరియాకి. టార్చ్, హ్యామర్ కోరల్స్‌లో గోధుమ రంగు జిగురు కనిపిస్తే దాని దగ్గరకి వెళ్లండి, రివైవ్ దగ్గరకి కాదు.

టార్చ్, హ్యామర్‌లని రివైవ్‌లో ముంచేటప్పుడు బేస్టర్ నేరుగా కండ మీద కొట్టొద్దు. లోపలి ఎముక అంచులు కత్తుల్లా ఉంటాయి, తోపుకి కండ వాటి మీద చీరుతుంది. ఎముక మొదలు మీదే కొట్టండి. పువ్వుల్లా కనిపించే అనిమోన్‌లనీ, ట్రిడాక్నా ఆల్చిప్పలనీ అసలు ముంచకండి. ముంచే ముందు కొమ్మల మధ్య ట్రాపీజియా పీత ఉందేమో చూడండి. అది కోరల్‌కి కాపలాదారు, మందులో చచ్చిపోవచ్చు. ముందే బయటికి రప్పించి దాచండి.

జోవాలు, వాటి చుట్టాలైన పాలీథోవాలు పట్టుకునేటప్పుడు చేతికి తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. వాటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, బేస్టర్ కొట్టేటప్పుడు నీళ్లు ముఖం మీదకి చిందుతాయి. అవి పెరిగిన రాయిని ఎప్పుడూ వేడినీళ్లతో కడగొద్దు, ఉడికించొద్దు. ఆవిరి పీల్చి మనుషులు ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

మందు నుంచి తీశాక ఒక టబ్బులో కడిగి, రెండో టబ్బులో మళ్లీ కడిగి, ఆ నీళ్లన్నీ పారబోయండి. జోవాలు రెండు మూడు రోజులు మూసుకునే ఉంటే కంగారు పడొద్దు. అక్రోపొరా ఆ పూటంతా జిగురు కారుస్తుంది. మరుసటి రోజుకి చర్మం పొరలుగా లేస్తుంటే మాత్రం మోతాదో, సమయమో మించిందని అర్థం.

కోరల్ నేరుగా పెద్ద ట్యాంకులోకి పోకూడదు. హీటరు, చిన్న పంపు, లైటు ఉన్న తొట్టి ఒకటి వేరుగా ఉంచి, వారానికోసారి చొప్పున కనీసం ఆరు వారాలు మళ్లీ మళ్లీ ముంచాలి. గుడ్లు పొదిగే రోజులు నీటి వేడిని బట్టి మారతాయి, చల్లగా ఉంటే ఎక్కువ రోజులు పడుతుంది. పొదిగి వచ్చిన పిల్ల పెరిగి తను గుడ్లు పెట్టేలోపు దాన్ని రాల్చేయడమే ఈ వారం లెక్క వెనకున్న సంగతి. ప్రతిసారీ టబ్బు అడుగున టార్చి వేసి చూసి రాసుకోండి. మొదటి వారం పెద్దవి రాలి, మూడో వారం ఆవగింజంత పిల్లలు రాలాయంటే కంట పడని గుడ్ల గుంపు ఎక్కడో ఉంది. మొదలు మళ్లీ వెతికి, గీకి, ఆరు వారాల లెక్క ఆ రోజు నుంచి కొత్తగా మొదలుపెట్టండి.