బబుల్ ఛాంబర్ ఫోటోల కిట్: కొలవడానికి బాగుంది, వెతకడం దగ్గరే చేతులెత్తేసింది

ఈ కిట్ మీద ఉన్న రివ్యూలన్నీ చదివా, అందరూ ఫోటోలు ఎంత బాగున్నాయో రాశారు గానీ దీంతో స్కాటరింగ్ (కణాలు ఢీకొని పక్కకి చెదరడం) కొలిచి లెక్క చివరిదాకా తీసుకెళ్లినవాళ్లు ఒక్కరూ కనపళ్లేదు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, లాబ్ కోసం కొందామనుకునేవాళ్లు ఓపిగ్గా చదవండి.

లోపల ఏముంటాయంటే, బబుల్ ఛాంబర్‌లో, అంటే చార్జ్ ఉన్న కణాల దారి (ట్రాక్) బుడగల వరసగా కనిపించే లిక్విడ్ హైడ్రోజన్ తొట్టెలో, తీసిన ఫోటోల పెద్ద పెద్ద ప్రింట్లు, ఆర్క్‌లు గీసిన ట్రాన్స్‌పరెంట్ షీటు ఒకటి, కోణాలు కొలిచే ప్రొట్రాక్టర్, ఒక బుక్‌లెట్. బీమ్ (లోపలికి పంపే కణాల ధార) ఏమో 16 జీఈవీ (కణాల ఎనర్జీకీ, మొమెంటంకీ వాడే యూనిట్) నెగటివ్ పయాన్లు (ప్రోటాన్ కన్నా తేలికైన కణాలు), మాగ్నెటిక్ ఫీల్డ్ 1.7 టెస్లా అని బుక్‌లెట్లో రాశారు. ప్రింట్ క్వాలిటీకి మాత్రం ఫుల్ మార్కులు. బుడగలు విడివిడిగా కనిపిస్తున్నాయి, స్లోగా వెళ్లే ప్రోటాన్ ట్రాక్ దట్టంగా, స్పీడుగా వెళ్లిన పయాన్ ట్రాక్ పల్చగా ఉండటం కంటితోనే తెలిసిపోతుంది. హైడ్రోజన్‌ని 27 కెల్విన్ దగ్గర ప్రెషర్‌లో ఉంచి, బీమ్ వచ్చే టైముకి పిస్టన్ లాగి ప్రెషర్ తగ్గిస్తే, మరగాల్సిన ద్రవం ఇంకా మరగకుండా ఆగి ఉన్న ఆ కాసేపట్లోనే చార్జ్ ఉన్న కణం దారి పొడుగునా బుడగలు లేస్తాయి, అవి ఫోటోకి అందేంత పెరగ్గానే ఫ్లాష్ కొడతారు. ఇదంతా బుక్‌లెట్లో రెండు బొమ్మలతో చక్కగా చెప్పారు, ఆ పార్ట్‌కి వంక పెట్టలేం.

డెల్టా ఎలక్ట్రాన్ల (కణం దారిలో హైడ్రోజన్ నుంచి తన్నేసిన ఎలక్ట్రాన్లు) చిన్న చిన్న చుట్లు ప్రతి ఫోటోలో ఉన్నాయి, వాటిని చూస్తే నెగటివ్ కణం ఎటు వంగుతుందో ఫస్ట్ నిమిషంలోనే తేలిపోతుంది, పిల్లలకి ఇది భలే నచ్చింది. చార్జ్ లేని లామ్డా అనే కణం కనపడకుండా కొంత దూరం వెళ్లి ప్రోటాన్, పయాన్‌గా విడిపోయిన వీ ఆకారాలు కూడా ఒకట్రెండు ప్రింట్లలో ఉన్నాయి.

ఆర్క్ షీటు దగ్గర మొదలైంది గొడవ. దాని మీద ఆర్క్‌ల పక్కన రేడియస్ కాకుండా నేరుగా మొమెంటం రాసేశారు. ఫార్ములా తెలిసిందే, రేడియస్ మీటర్లలో, ఫీల్డ్ టెస్లాలో పెట్టి 0.3తో గుణిస్తే మొమెంటం జీఈవీలో వస్తుంది. కానీ అది ఛాంబర్ లోపలి అసలు సైజుకి, ప్రింట్ సైజుకి కాదు. ప్రింట్ ఎంత కుదించారో బుక్‌లెట్లో ఒక్క ముక్క లేదు. ఛాంబర్ కిటికీ అద్దం మీద చెక్కిన క్రాస్ మార్కులు ప్రతి ఫోటోలో ఉంటాయి కదా, వాటి మధ్య అసలు దూరం వెనక పేజీలో ఒక టేబుల్లో ఇచ్చారు, దాన్ని స్కేలుతో కొలిచి పోల్చుకుంటే స్కేల్ ఫ్యాక్టర్ మనమే తీసుకోవచ్చు, అది కూడా అద్దం దగ్గర ఉన్న స్కేలే, లోతులో ఉన్న ట్రాక్‌కి ఇంకాస్త తేడా వస్తుంది. అది చెయ్యకుండా షీటు పెట్టి నంబర్ చదివేసుకుంటే వచ్చే మొమెంటం అంతా ఒకే వైపుకి జరిగిపోయి ఉంటుంది, పైగా అన్నీ ఒకేలా తప్పు కాబట్టి అనుమానం కూడా రాదు.

ఇంకోటి, బీమ్ ట్రాక్‌లకి ఆ షీటు పనికిరాదు. 16 జీఈవీ కణానికి 1.7 టెస్లాలో రేడియస్ 31 మీటర్లు. 20 సెంటీమీటర్ల ముక్క తీసుకుంటే మధ్యలో వంపు ఎత్తు 0.16 మిల్లీమీటర్లు, అంటే పెన్సిల్ గీత మందం కన్నా తక్కువ. అదే ఒక మీటరు పొడుగు దొరికితే 4 మిల్లీమీటర్లు. పొడుగు రెట్టింపైతే వంపు ఎత్తు నాలుగు రెట్లవుతుంది కాబట్టి ఎంత పొడవాటి ట్రాక్ దొరికితే అంత మంచిదని, ఎత్తు కొలిచి లెక్కేసే పద్ధతి ఆర్క్ పెట్టి చూసేదానికంటే మేలని బుక్‌లెట్లో నాలుగు లైన్లు రాస్తే సరిపోయేది. జీఈవీ లోపు ట్రాక్‌లకి మాత్రం ఆర్క్ షీటు హాయిగా పనిచేస్తుంది, అది ఒప్పుకోవాలి.

సరే ఇవన్నీ సర్దుకోవచ్చు. నా అసలు కంప్లైంట్ వేరే. బాక్స్ మీద పెద్ద అక్షరాలతో స్కాటరింగ్ కొలవండి అని రాసి, బుక్‌లెట్లో మాత్రం ఈవెంట్లు (ఢీలు) ఎలా వెతకాలో ఒకే ఒక్క వాక్యం, “రెండు ప్రాంగ్‌ల ఈవెంట్లు గుర్తించండి” అని (ప్రాంగ్ అంటే ఢీ జరిగిన చోటు నుంచి బయల్దేరే గీత). బబుల్ ఛాంబర్లో స్కాటరింగ్ కొలవడం అంటే సగానికి సగం వెతకడమే బాబూ. క్రాస్ సెక్షన్ (ఢీ జరిగే అవకాశాన్ని విస్తీర్ణంగా చెప్పే కొలత) లెక్క చాలా సింపుల్, బీమ్ ట్రాక్‌లన్నిటి పొడవు కలిపి, అందులో ఎన్ని ఢీలు కనపడ్డాయో చూసి, హైడ్రోజన్ సాంద్రతతో ముడిపెట్టడమే. ఛాంబర్లో హైడ్రోజన్ సాంద్రత ఘన సెంటీమీటరుకి 0.06 గ్రాములు, అంటే ఒక మిల్లీబార్న్ (ఆ విస్తీర్ణానికి యూనిట్) క్రాస్ సెక్షన్‌కి సగటున 280 మీటర్ల ట్రాక్‌కి ఒక ఢీ. ఈ బీమ్‌కి మొత్తం క్రాస్ సెక్షన్ సుమారు 25 మిల్లీబార్న్‌లు కాబట్టి 11 మీటర్లకి ఒకటి రావాలి. ఈ లెక్కలో పొడవు, సాంద్రత కరెక్టే, తేడా కొట్టేది ఢీల సంఖ్యే, ఎందుకంటే కంటికి తప్పిపోయినవి లెక్కలోకి రావు.

ఎలాస్టిక్ స్కాటరింగ్ తీసుకోండి. పయాన్ వచ్చి ప్రోటాన్‌ని తాకి పక్కకి తప్పుకుని పోతుంది, ప్రోటాన్ ఎగిరిపడుతుంది, కొత్తగా ఏమీ పుట్టదు. ఇలాంటివి చిన్న కోణాల దగ్గరే ఎక్కువ. ప్రోటాన్‌కి 100 ఎంఈవీ (0.1 జీఈవీ) మొమెంటం అందిందనుకుంటే పయాన్ తిరిగిన కోణం అర డిగ్రీ కూడా ఉండదు, ఆ మలుపు ప్రింట్లో పట్టుకోవడం ఎవరివల్లా కాదు. అప్పుడు అక్కడ ఢీ జరిగిందని చెప్పే ఒకే ఒక సాక్షి ఆ ప్రోటాన్, అది కూడా హైడ్రోజన్లో కొన్ని మిల్లీమీటర్లు నడిచి ఆగిపోతుంది. పైగా అది బీమ్‌కి దాదాపు అడ్డంగా ఎగురుతుంది, ఆ అడ్డం కాస్తా కెమెరా వైపుకో కెమెరాకి ఎదురు దిక్కుకో అయితే ఫోటోలో మిగిలేది ఓ చుక్క, దాన్ని ఎవరూ ఈవెంట్ అనుకోరు. అంటే ఫోటో ప్లేన్‌లో పడిన ఢీలు దొరుకుతాయి, లోతు వైపు పడినవి జారిపోతాయి. ప్రకృతికి మన కెమెరా ఎక్కడుందో తెలీదు కాబట్టి బీమ్ చుట్టూ అన్ని దిక్కులా ఢీలు సమానంగా ఉండాలి, ఏ దిక్కున తగ్గాయో చూసి ఆ మేరకు కలుపుకుంటారు, మరీ చిన్న కోణాలని పక్కన పెట్టేసి పెద్ద కోణాల నుంచి లెక్కని పొడిగిస్తారు. ఈ పని చెయ్యకుండా వచ్చిన ఎలాస్టిక్ నంబర్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

ఈ దిద్దుబాటు కిట్‌తో చేద్దామా అంటే కుదరదు, ఎందుకంటే ప్రతి ఈవెంట్‌కీ ఒకే కెమెరా ఫోటో ఇచ్చారు. అసలు ఛాంబర్లకి రెండు మూడు కెమెరాలు వేర్వేరు కోణాల్లో పెట్టేదే లోతు తెలియడం కోసం. ఒక్క వ్యూతో ప్రొట్రాక్టర్ పెట్టి కొలిచే కోణం అసలు కోణం కాదు, దాని నీడ. బీమ్, పయాన్, ప్రోటాన్ మూడూ ఒకే ప్లేన్‌లో ఉన్నాయా అన్న చెక్ కూడా చెయ్యలేం. ఆ చెక్ ఎందుకు ముఖ్యమంటే, రెండు ప్రాంగ్‌లు కనపడిన ప్రతిదీ ఎలాస్టిక్ కాదు, చార్జ్ లేని పయాన్ ఒకటి పుట్టి వెళ్లిపోయినా ఫోటోలో రెండు గీతలే ఉంటాయి. అది విడిపోయి వచ్చే గామా కిరణాలు కనపడాలంటే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారాలి, హైడ్రోజన్ రేడియేషన్ లెంత్ (అలా మారడానికి ఎంత దూరం పట్టొచ్చో చెప్పే కొలత) పది మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి చాలావరకు ఛాంబర్ దాటి పోతాయి. అందుకే అప్పట్లో ప్రతి ట్రాక్ మొమెంటం, కోణాలు కొలిచి ఎనర్జీ మొమెంటం సరిపోతున్నాయా అని కంప్యూటర్లో ఫిట్ చేసి మరీ తేల్చేవాళ్లు.

ఇంత ఉంటే బుక్‌లెట్లో మూడు పేజీలు డొనాల్డ్ గ్లేసర్ కథకి ఇచ్చారు. బబుల్ ఛాంబర్‌ని 1952లో కనిపెట్టాడు, 1960లో నోబెల్ వచ్చింది, సరే. బీర్ బుడగలు చూసి ఐడియా వచ్చిందన్న కథ కూడా వేశారు, ఆయనే తర్వాత అది నిజం కాదని చెప్పినా జనం వదల్లేదు, వీళ్లూ వదల్లేదు. ఫిజిసిస్ట్ లూయిస్ ఆల్వారెజ్ టీమ్ కట్టిన 72 అంగుళాల ఛాంబర్ ఫోటో వేసి, ఆ ఫోటోలు రోజుల తరబడి టేబుల్ ముందు కూర్చుని వెతికిన స్కానర్ల గురించి, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, ఒక్క మాట లేదు. కొలిచే మెషీన్‌కి దాన్ని డిజైన్ చేసిన జాక్ ఫ్రాంక్ పేరు మీద సరదాగా ఫ్రాంకెన్‌స్టైన్ అని పేరు పెట్టుకున్న సంగతైనా రాయొచ్చుగా, నాకైతే గ్లేసర్ బీర్ కన్నా అది నచ్చేది.

కొన్నవాళ్లకి ఒక ఉపాయం, బుక్‌లెట్లో లేనిది. ఒకే ప్రింట్ల సెట్ ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, ఒకరిది ఒకరు చూడకుండా వెతకమనండి. ఒకరికి 60 ఈవెంట్లు, ఇంకొకరికి 50, ఇద్దరికీ కామన్‌గా 45 దొరికాయనుకోండి, 60ని 50తో గుణించి 45తో భాగిస్తే 67 దాకా వస్తుంది, ఇద్దరూ కలిపి చూసింది 65 కాబట్టి ఎవరికీ దొరకనివి ఇంకో రెండు ఉన్నాయన్నమాట. నిజం స్కానింగ్ రూముల్లో కూడా ఇలాగే రెండోసారి స్కాన్ చేసి ఎఫిషియెన్సీ తీసేవాళ్లు. కాకపోతే కెమెరా వైపు ఎగిరిన ప్రోటాన్లు ఇద్దరికీ దొరకవు, వాటి విషయంలో ఈ లెక్క కూడా మోసం చేస్తుంది, అది గుర్తుంచుకుని వాడండి.

మొత్తం మీద అయిదుకి మూడు స్టార్లు. కణాలు గుర్తుపట్టడం, చార్జ్ చెప్పడం, ఒక మోస్తరు మొమెంటం కొలవడం నేర్పడానికి కొనొచ్చు. స్కాటరింగ్ క్రాస్ సెక్షన్ కోసమే అయితే మొత్తం క్రాస్ సెక్షన్ వరకూ తియ్యండి, ఎలాస్టిక్ జోలికి పోకండి. మిగతా కెమెరాల ప్రింట్లు విడిగా అమ్ముతారా అని సెల్లర్‌కి మెసేజ్ పెట్టా, ఉంటే ఇంకో స్టార్ కలిపి ఇక్కడే అప్‌డేట్ చేస్తా.