టైర్లు మంచివే, మూడు నెలలు వాటినే తిట్టాను

ఈ టైర్లు వేయించి రెండేళ్ల నాలుగు నెలలైంది. బండి 31 వేల కిలోమీటర్లు తిరిగింది. బండి పాత స్విఫ్ట్, టైరు సైజు 185/65 ఆర్15. మైలేజీ ఎంత, సైడ్‌వాల్ ఎంత గట్టి లాంటి కబుర్లు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. కంపెనీ పేరు కూడా రాయను. మొదటి మూడు నెలలు నేను ఆ కంపెనీని తిట్టని తిట్టు లేదు. తీరా చూస్తే దానికి ఏ పాపమూ తెలియదు. ఇప్పుడు పేరు పెట్టి పొగిడితే తప్పు కప్పుకున్నట్టు ఉంటుంది.

కూకట్‌పల్లి వైపు ఒక పెద్ద దుకాణంలో శనివారం వేయించాను. ఏసీ గది, టీ, అద్దంలోంచి మన బండి కనిపించే ఏర్పాటు, అన్నీ ఉన్నాయి. టైరు పక్కన నాలుగంకెల్లో ఉండే తయారీ వారం, సంవత్సరం కూడా చూసుకున్నాను. మూడు నెలల కిందటి సరుకే. అక్కడికి నేను చాలా తెలివైనవాణ్నని నా నమ్మకం. తర్వాత పది రోజులు మియాపూర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో స్తంభాల పక్కనే తిరిగాను. ఆ దారిలో స్పీడు యాభై దాటితే పండగే. పత్తి మీద నడిచినట్టు ఉందని ఆఫీసులో ఇద్దరికి చెప్పాను. వాళ్లలో ఒకతను వెంటనే అవే వేయించుకున్నాడు.

పదకొండో రోజు తెల్లవారుజామున మా బావమరిదిని తీసుకురావడానికి శంషాబాద్ బయల్దేరాం. గచ్చిబౌలి దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కాం. 80 వరకు ఏమీ లేదు. 85 దగ్గర స్టీరింగ్ సన్నగా జివ్వుమనడం మొదలుపెట్టింది. 95కి నా వేలి ఉంగరం స్టీరింగ్ అంచుకు తగిలి టకటకమంది. 100కి వణుకు మోచేతి దాకా పాకింది. విచిత్రంగా 115 దాటితే సగానికి తగ్గింది. వెనక సీట్లోంచి నా చేతుల వైపే చూస్తున్న అమ్మ, "ఏందిరా, బండికి చలిజొరం వచ్చిందా?" అంది.

ఓఆర్‌ఆర్ మీద కుడివైపు రెండు లేన్లలో వేగ పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు. నా బండి మాత్రం కచ్చితంగా 90కీ 110కీ మధ్యనే ఊగేది. అంటే అక్కడ అందరూ వెళ్లే వేగంలో నేను వెళ్లలేను. ఎడమ పక్కన లారీలతో పాటు 80లో వెళ్లాలి, లేదంటే పళ్లు బిగబట్టుకుని 115కి తొక్కాలి.

వెంటనే దుకాణానికి వెళ్లాను. ముందు చక్రాలు రెండూ విప్పారు. చక్రం బరువు చుట్టూ సమానంగా ఉందో లేదో చెప్పే బ్యాలెన్సింగ్ మిషిన్ ఇరుసుకు చక్రం ఎక్కించి, మధ్య రంధ్రంలోకి శంకువు లాంటి ఇనుప ముక్క తోసి బిగించి, మూత వేసి తిప్పారు. తెర మీద ఎర్ర అంకెలు వచ్చాయి. ఒకవైపు 5 గ్రాములు, రెండోవైపు సున్నా. అంటుకునే వెయిట్ ముక్క ఒకటి రిమ్ము లోపల అతికించి మళ్లీ తిప్పాడు. రెండువైపులా సున్నాలే. ఆ కుర్రాడు తెరను నా వైపు తిప్పి "జీరో జీరో సార్" అన్నాడు, కోర్టులో సాక్ష్యం చూపించినట్టు. ఆ తర్వాత మూడు నెలల్లో ఆ మాట నేను కనీసం ఐదుసార్లు విన్నాను. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కూడా చేశారు, దానికి డబ్బులూ తీసుకున్నారు. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. ఒకే వేగంలో పుట్టి, వేగం మారగానే పోయే వణుకుకీ దానికీ సంబంధం దాదాపు ఉండదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది, వాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

ఆ రోజు తిరుగు దారిలో వణుకు బాగా తగ్గింది. సంబరపడ్డాను. వారం తర్వాత ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను, పెరిగింది. ఇంకోసారి విప్పి బిగించారు, మళ్లీ కాస్త తగ్గింది. ఈ రాత రాస్తుంటే నామీద నాకే కోపం వస్తోంది. బ్యాలెన్స్ ఏమీ మారకుండా, చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ వణుకు మాత్రం మారుతోందంటే జబ్బు టైరులో లేదు, బిగింపులో ఉంది. అంత పెద్ద ఆధారం కళ్ల ముందు పెట్టుకుని నేను కంపెనీకి ఫిర్యాదు రాసుకుంటూ కూర్చున్నాను. కంపెనీ మనిషి వచ్చి టైర్లను తిప్పి చూసి, గుండ్రంగానే ఉన్నాయి, వారంటీ వర్తించదన్నాడు. అబద్ధాలకోరు అనుకున్నాను. పాపం, అతను చెప్పింది అక్షరాలా నిజం.

ఈలోగా ఇంకో చోట లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బండికి కలిపే కమ్మీకి ఉండే రబ్బర్లు) పోయాయి, తొమ్మిది వేలు అవుతుందన్నారు. దాదాపు ఒప్పుకున్నాను. మా ఆవిడే ఆపింది. "టైర్లు మార్చక ముందు రోజు వరకు లేని రోగం, మార్చిన మర్నాడే బుష్‌లకు వచ్చిందా అండీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

చివరికి మూసాపేటలో ఒక చిన్న షెడ్డుకు వెళ్లాను. ఏసీ లేదు, మిషిన్ కూడా లేదు. అరవై దాటిన పెద్దాయన. నేను చెప్పిందంతా విని స్టీరింగ్ ముట్టుకోలేదు, టైరూ చూడలేదు. జాకీ వేసి, ముందు చక్రం విప్పి, నట్లు లేకుండా ఊరికే హబ్బు (చక్రం కూర్చునే ఇరుసు చివర) మీద తగిలించి చేత్తో ఊపాడు. అది గడియారం లోలకంలా ఊగింది. "ఇగో సార్, చక్రం హబ్బు మీద కూసోలే, ఏలాడుతుంది. రింగులేవి?" అన్నాడు. ఏ రింగులని నేను అడిగితే, నా మొహం కేసి ఒక చూపు చూసి వెనక ఎడమ చక్రం విప్పాడు. అక్కడ హబ్బుకు తుప్పుతో అతుక్కుని, ఒక పక్క పగిలిన నల్లటి ప్లాస్టిక్ రింగు ఉంది. మిగతా మూడింటికీ లేదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. ఈ బండి నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కార్ల కంపెనీ నుంచి వచ్చింది 165/80 ఆర్14 ఇనుప చక్రాలతో. మొదటి ఓనరు వాటిని తీసేసి బయట 15 అంగుళాల అలాయ్ చక్రాలు వేయించాడు. స్విఫ్ట్ హబ్బు మధ్య బొడిపె 54.1 మిల్లీమీటర్లు. ఆ అలాయ్‌ల మధ్య రంధ్రం 67.1. ఒకే అలాయ్‌ని రకరకాల బళ్లకు అమ్ముకోవడానికి రంధ్రం పెద్దగా చేస్తారు, ఏ బండికి ఆ బండి కొలతతో రింగు వేసి ఆ తేడా పూడుస్తారు. రింగు లేకపోతే చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల సందు, మూడు అగ్గిపుల్లలు పట్టేంత. అప్పుడు చక్రాన్ని మధ్యలో నిలపాల్సింది నాలుగు నట్లే. జాగ్రత్తగా బిగిస్తే అవి ఆ పని చేస్తాయి. బండిని నేలకు దించేసి, నట్లు బిగించే గన్నుతో ఒక నట్టును ఒకేసారి చివరి దాకా బర్రుమనిపిస్తే చక్రం ఎటో ఒక పక్కకు జరిగి అలాగే ఉండిపోతుంది.

ఎంత జరుగుతుంది, అర మిల్లీమీటరు. దానికే ఇంత గొడవా అనిపించి ఇంటికొచ్చి లెక్క వేశాను. ఈ సైజు టైరు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. టైరుతో కలిపి చక్రం 15 కిలోలు అనుకుంటే, అర మిల్లీమీటరు పక్కకు జరగడమంటే రిమ్ము అంచున 40 గ్రాముల వెయిట్ అనవసరంగా అతికించినట్టే. ఆ 40 గ్రాములు ఆ వేగంలో ఆరు కిలోల బరువంత బలంతో చక్రాన్ని సెకనుకు పద్నాలుగుసార్లు పైకీ కిందకీ లాగుతాయి. నా ఉంగరం టకటకమనడంలో వింతేముంది. బ్యాలెన్సింగ్ మిషిన్‌కు ఇది కనపడదు. మిషిన్ మీద శంకువు చక్రాన్ని సరిగ్గా మధ్యలో కూర్చోబెడుతుంది, అందుకే అక్కడ జీరో జీరో. బండి మీదకు వచ్చాక శంకువు ఉండదు, రింగూ లేదు. ఆ కుర్రాడు నాకు అబద్ధం చెప్పలేదు, మిషిన్ కూడా చెప్పలేదు. అదే ఎక్కువ మంట.

దుకాణానికి వెళ్లి అడిగితే "మా దగ్గరికి వచ్చినప్పుడే లేవు సార్" అన్నారు. నేను నిరూపించలేను. అదే బండితో అదే ఓఆర్‌ఆర్ మీద అంతకు ముందు నెలలో 110లో వెళ్లాను, నీళ్ల బాటిల్ కూడా కదల్లేదు. అంతవరకే చెప్పగలను.

నాలుగు రింగులు మూడు వందల యాభై రూపాయలు. ఆన్‌లైన్‌లో తెప్పించి తీసుకెళ్లాను. పెద్దాయన ముందు హబ్బుల మీద తుప్పు వైరు బ్రష్‌తో గీకి, ఎమెరీ పట్టించాడు. రింగు వేసి చక్రం తోస్తే టక్కుమని ఒక చిన్న చప్పుడు, డబ్బా మీద మూత పడ్డట్టు. మళ్లీ ఊపాడు. ఊగలేదు. చక్రం గాల్లో ఉండగానే నాలుగు నట్లూ చేత్తో, ఒకటి విడిచి ఎదురుగా ఉన్నది, కొంచెం కొంచెం తిప్పి, ఆ తర్వాత దించి పానాతో బిగించాడు. రెండు వందలు తీసుకున్నాడు. ఆ రాత్రే ఒక్కణ్నీ ఓఆర్‌ఆర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి వచ్చాను. 85, 95, 100, 110. స్టీరింగ్ మీద రెండు వేళ్లు మాత్రమే పెట్టాను. ఏమీ లేదు. ఒక్కణ్నే నవ్వుకున్నాను కూడా, ఎవరూ చూడలేదు కాబట్టి చెబుతున్నా.

ఆ తర్వాత వణుకు ఒకే ఒక్కసారి వచ్చింది, ఒక వర్షాకాలంలో. గుండె జారింది. రిమ్ము లోపలివైపు బురద పెచ్చు కట్టి ఎండింది, అంతే. నీళ్ల పైపుతో కొడితే పోయింది.

ఇక టైర్ల సంగతి. మొదట్లో పత్తి అన్నాను కదా, ఇప్పుడు ఆ మాట అనను. 20 వేలు దాటాక సిమెంటు రోడ్ల మీద హోరు పెరిగింది, పాట పెట్టుకుంటే వినపడదు కానీ పెట్టుకోవాలి. తడి రోడ్డు మీద పట్టు మొదటి ఏడాది గొప్పగా ఉండేది, ఇప్పుడు ఫర్వాలేదు. అరుగుదల నాలుగింటికీ సమానంగా ఉంది, పది వేల కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పిస్తున్నాను కాబట్టి. నా తిరుగుడులో ముప్పావు వంతు ఊళ్లో, అరవై లోపలే. రోజూ విజయవాడ హైవే మీద తిరిగేవాళ్లకు ఇవి ఎలా ఉంటాయో నా మాట పనికిరాదు. మీవి బండితో వచ్చిన కంపెనీ చక్రాలే అయితే ఈ రింగుల పురాణమూ మీకు అక్కర్లేదు. మళ్లీ ఇవే కొంటానా? ధర ఇలాగే ఉంటే బహుశా కొంటాను. కాకపోతే వేయించేటప్పుడు టీ తాగను, కుర్రాడి పక్కనే నిలబడి రింగులు లెక్కపెడతాను. పోయినసారి టైర్లు ముందూ వెనకా మార్పించినప్పుడు అలాగే చేశాను. ఆ అబ్బాయి చిరాకుపడ్డాడు, అయినా ఒకటి విరగ్గొట్టాడు.

అందుకే గ్లవ్ బాక్సులో ఇంకో సెట్టు పెట్టుకున్నాను. అందులో ఇప్పుడు మూడే ఉన్నాయి. 54.1 మిల్లీమీటర్లంటే రెండు రెండు సైజు గాజు అని మా ఆవిడ చూడగానే చెప్పేసింది. నాలుగోది మా పాప చేతికి ఉంది, అడిగితే ఇవ్వడం లేదు.