లాగోస్ వెళ్తే ముందు మంచి టైలర్ని చూసుకోండి

నైజీరియాలో పెళ్ళికి వెళ్ళాలంటే రెడీమేడ్ షాపుకి పరిగెత్తేవాళ్ళు తక్కువ. బట్ట కొంటారు, టైలర్ దగ్గరికి వెళ్తారు, ఫోన్లో ఒక ఫోటో చూపించి ఇలా కావాలంటారు. చీరాలలో జాకెట్లు కుట్టే షాపు నడుపుతున్నదాన్ని కాబట్టి నా ధ్యాసంతా అక్కడే. మా తమ్ముడు లాగోస్‌లో మందుల కంపెనీలో పని చేస్తున్నాడు. వాడి ఆఫీసులో ఒకమ్మాయి తన పెళ్ళికి ఇంటిల్లిపాదినీ పిలిచింది. "వదినా, ఇక్కడి కుట్టు నువ్వు చూసి తీరాలి" అని మా మరదలు ఫోన్ మీద ఫోన్ చేస్తే బయల్దేరాను. ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచుకోండి. తిరిగొచ్చి మన దేశంలో దిగేటప్పుడు కూడా అడుగుతారు.

దిగడానికి ఏ ప్రాంతం మంచిదన్నది మీరు వెళ్ళే పనిని బట్టి ఉంటుంది. విమానాశ్రయం ఇకెజా వైపు. మనవాళ్ళు ఎక్కువగా కనిపించేది ఆ చుట్టుపక్కల, ఇలుపెజులో. కందిపప్పు, చింతపండు దొరికే కొట్లూ అటే ఉన్నాయి. తమ్ముడి ఇల్లు అక్కడే కావడంతో తిండికి ఇబ్బంది లేదు. బయట తిన్నా బాధ లేదు లెండి. పొద్దున్నే రోడ్డు పక్కన బాణలిలో వేయించే అకారా అంటే అచ్చంగా మన అలసంద వడే. ఒక్క కరివేపాకు లేదంతే.

విక్టోరియా ఐలాండ్, లెక్కీల్లో హోటళ్ళు శుభ్రంగా ఉంటాయి, ధరలూ అలాగే ఉంటాయి. పెళ్ళి హాలు అటువైపని ముందురోజు లెక్కీలో ఒక హోటల్లో గదులు తీసుకున్నాం. మంచాలు, బాత్రూములు, పనివాళ్ళ మర్యాద, దేనికీ వంక పెట్టలేం. కానీ రోజంతా కరెంటు ఉంటుందని బుకింగప్పుడు చెప్పినవాళ్ళు అర్ధరాత్రి దాటాక జనరేటర్ ఆపేశారు. 2023లో పెట్రోలు సబ్సిడీ ఎత్తేసిన దగ్గర్నుంచి ఇంధనం ఖర్చు అందరినీ పిండేస్తోంది, వాళ్ళ కష్టం నాకు అర్థమవుతుంది. అయినా తెల్లవారుజామున మేకప్‌కి కూర్చోవాల్సిన ఆడవాళ్ళకు వెలుతురు లేకపోతే ఎలా? జనరేటర్ ఎన్ని గంటలు నడుపుతారో ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

బట్టల పని మీద వెళ్ళేవాళ్ళయితే, నన్నడిగితే, యాబాలో దిగాలి. హోటళ్ళు సాదాసీదావి, వీధిలో రాత్రి పొద్దుపోయేదాకా హోరు తగ్గదు. అయితే తెజుఓషో మార్కెట్ దగ్గర, చుట్టూ సందుల్లో టైలర్లు, 2024లో మొదలైన రెడ్ లైన్ మెట్రోకి స్టేషన్ ఉంది, అబెయోకుటా వెళ్ళే రైలెక్కే మొబొలాజి జాన్సన్ స్టేషన్ కూడా అక్కడికి దగ్గరే. మెట్రోకి కౌరీ కార్డు తీసుకోవాలి. వేళలు చూసుకుని వెళ్ళాలి. లెక్కీలో ఉండి యాబా టైలర్ దగ్గరికి తిరగాలంటే థర్డ్ మెయిన్‌ల్యాండ్ బ్రిడ్జి దాటాలి. దాని పొడవు దాదాపు 12 కిలోమీటర్లు. సాయంత్రం పూట దాని మీద ఇరుక్కుంటే ఫిట్టింగ్ టైము కాస్తా కారులోనే అయిపోతుంది.

బట్ట కొనడానికి అందరూ చెప్పేది లాగోస్ ఐలాండ్‌లోని బలోగున్ మార్కెట్. ఒక భవనంలో సర్దుకునే మార్కెట్ కాదది, వీధులకు వీధులే బట్టలు. 2023లో వచ్చిన బ్లూ లైన్‌లో మరీనా స్టేషన్‌లో దిగితే దగ్గర పడుతుంది. తెలిసినవాళ్ళు తోడు లేకుండా మొదటిసారి వెళ్ళొద్దు. దొంగల భయం సంగతి పక్కన పెట్టినా, ఏ సందులో లేసు, ఏ సందులో అంకారా అన్నది వాళ్ళకే తెలుస్తుంది. అంకారా అంటే మైనం అచ్చు రంగుల నూలు బట్ట. హాలండ్‌లోని హెల్మండ్‌లో 1846 నుంచి ఉన్న వ్లిస్కో కంపెనీది అన్నిటికన్నా ఖరీదు. జావా బాటిక్‌ని మిషను మీద తేవాలని డచ్చివాళ్ళు చేసిన ప్రయత్నంలోంచి పుట్టిన సరుకది. చైనావి చాలా చవక. మంచి మైనం అచ్చు బట్ట అయితే రెండు వైపులా రంగు ఒకే చిక్కదనంతో దిగుతుంది. మడత తిప్పి వెనక చూడనిదే డబ్బు తీయకండి. లేసుల్లో పేరున్నది ఆస్ట్రియాది. 1960ల నుంచీ ఆస్ట్రియాలోని లుస్టెనావ్ ఊరివాళ్ళు నైజీరియా ఆడవాళ్ళ అభిరుచి తెలుసుకుని మరీ ఎంబ్రాయిడరీ చేసి పంపుతున్నారు.

ఇక్కడే నా అభిప్రాయం గట్టిగా చెప్పాలి. లేసు మీద డబ్బంతా పోసి కుట్టుకూలి దగ్గర బేరాలాడేవాళ్ళను చీరాలలో చూశాను, అక్కడా చూశాను. అది తలకిందుల లెక్క. మా మరదలు మధ్యరకం లేసు తీసుకుని మంచి టైలర్‌కిచ్చింది. వాళ్ళ పక్కింటావిడ ఆస్ట్రియా లేసు కొని, లెక్కీలో అద్దాల షోరూము ఉన్న ఒక డిజైనర్‌కిచ్చింది. శుక్రవారం ఇస్తానన్న డ్రెస్సు పెళ్ళి ముందురోజు రాత్రి వచ్చింది. చంకల దగ్గర పట్టేసింది, అడిగిన చేతి డిజైన్ ఒకటి, కుట్టింది ఇంకొకటి. ఆర్డరిచ్చిన ఫోటో, చేతికొచ్చిన డ్రెస్సు పక్కపక్కన పెట్టి ఫోన్లలో పంచుకోవడం ఆ దేశంలో మామూలే. ఆవిడకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

యాబా టైలర్ది ఒక గది షాపు. మమ్మల్ని చూడగానే, "రండమ్మా, కూర్చోండమ్మా" అని స్టూళ్ళు తుడిచి వేసింది. ఇప్పుడక్కడ కార్సెట్ పైభాగం మోజు నడుస్తోంది. లోపల నడుము చుట్టూ సన్నని పుల్లల్లాంటి బోన్లు వస్తాయి, ఒక్కో బోనుకీ ఒక్కో గొట్టం కుట్టు వేయాలి, ఆ కుట్టు లేసు పువ్వుని నరకకూడదు. ఆమె లేసుని తలకిందులుగా, అడ్డంగా, నిలువుగా మార్చి మార్చి పరిచి, పువ్వు సరిగ్గా ఛాతీ మధ్యకు వచ్చేదాకా కత్తెర ముట్టుకోలేదు. కరెంటు పోతే చేత్తో తిప్పే మిషను ముందుకు జరిగింది, బొగ్గుల ఇస్త్రీపెట్టె బయటికొచ్చింది, పని ఆగలేదు. కొలతల్లో మనం తీయనివి కూడా తీస్తారు. భుజం నుంచి రొమ్ము కింద దాకా ఒకటి, అక్కడి నుంచి నడుము దాకా ఇంకొకటి విడిగా రాసుకుంటారు. ఫిట్టింగ్ అంత బాగా కుదరడానికి ఆ రెండో కొలతే కారణమని నా నమ్మకం. ఇంటికొచ్చాక నా షాపులోనూ మొదలుపెట్టాను.

ఇంకొకటి నన్ను బాగా కదిలించింది. లేసు కింద ఒంటి రంగులో కలిసిపోయే నెట్ వేస్తారు కదా. మన షాపుల్లో దొరికేది ఎక్కువగా పాలమీగడ రంగు, అది నా చేతి మీద పెడితే తెల్లమచ్చలా ఉంటుంది. ఆమె బల్ల కింద నుంచి గోధుమ రంగులోనే లేతవీ ముదురువీ ఒక కట్ట తీసి, ఒక్కొక్కటీ నా మోచేతి మీద పెట్టి చూసి, కలిసిపోయిన ముక్కని పక్కన పెట్టింది. వెతుక్కోవలసిన అవసరమే లేకుండా నా రంగు అక్కడ ఉంది.

చిన్న చిన్న మార్పులకు పెద్ద టైలర్ దగ్గరికి పోనక్కర్లేదు. మిషను భుజాన పెట్టుకుని, కత్తెర టకటకలాడిస్తూ వీధుల్లో తిరిగేవాళ్ళుంటారు. ఒబియోమా అని పిలుస్తారు. అంచు మడతలు, చిరుగులు, నడుము కుదింపులు గుమ్మంలోనే చేసిస్తారు.

అసో ఎబి గురించి చెప్పకపోతే పెళ్ళి సంగతి సగమే చెప్పినట్టు. పెళ్ళివాళ్ళు ఒక రంగు, ఒక బట్ట ఎంచుతారు, చుట్టాలూ స్నేహితులూ వాళ్ళ దగ్గరే కొనుక్కుని ఎవరికి నచ్చినట్టు వాళ్ళు కుట్టించుకుంటారు. హాలంతా ఒకే బట్ట, ఏ రెండు డ్రెస్సులూ ఒకలా లేవు! దర్జీపని చేసేవాళ్ళకు ఇంతకన్నా కళ్ళపండుగ ఉంటుందా? కానీ తమ్ముడి ఆఫీసులోని ఒకావిడ నాతో మొహమాటం లేకుండా చెప్పింది, పెళ్ళిళ్ళ సీజన్లో జీతమంతా ఈ బట్టలకే పోతోందని, కొనకపోతే మనసులు నొచ్చుకుంటాయని. ఆ బరువు నిజం. పిలుపుతో పాటే బట్ట ధర చెప్పే పద్ధతి తగ్గితే మంచిదని ఆమె మాట, నా మాట కూడా అదే.

మేకప్ అమ్మాయి తెల్లారకముందే పెట్టె తెచ్చుకుంది. ఈ వృత్తికి అక్కడ అంత గౌరవం రావడంలో తారా ఫెలా దురోటోయే పాత్ర పెద్దది. 1998లో లా చదువుకునే రోజుల్లోనే హౌస్ ఆఫ్ తారా మొదలుపెట్టి, తర్వాత ఎందరికో నేర్పించారావిడ. మా మేకప్ అమ్మాయి నా మొహం మీద చేసిన పని చూస్తే ఆ శిక్షణ తెలిసింది. ఫౌండేషన్ ముందు దవడ మీద రాసి, తెల్లారగానే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూసింది. కనుబొమ్మల కిందా పైనా కన్సీలర్‌తో గీత గీసి తీర్చడానికే చాలాసేపు పట్టింది. పూర్తయ్యాక అద్దంలో నల్లగానే, నిగనిగలాడుతూ ఉన్నాను. మన పార్లర్లలో పెళ్ళికూతురి మొహం ఒక రంగు, మెడ ఒక రంగు చేసి కూర్చోబెడుతున్నాం. ఈ పని మానాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నా, అక్కడ చూశాక మాత్రం నా బాధ రెట్టింపయింది. అలాగని అక్కడ తెలుపు పిచ్చి లేదనుకోవద్దు. మార్కెట్లలో రంగు తేల్చే క్రీములు కుప్పలుగా ఉన్నాయి, పాదరసం కలిసినవాటి గురించి నాఫ్డాక్ అనే వాళ్ళ నియంత్రణ సంస్థ హెచ్చరిస్తూనే ఉంది. పేరు తెలియని డబ్బా ఏదీ కొనకండి.

తలకు కట్టే గెలె అసలైన విద్య. గట్టిగా, కాగితంలా నిలబడే బట్టని నుదుటి మీదుగా చుట్టి, చీర కుచ్చిళ్ళు తీసినట్టే వేళ్ళతో ఒక్కో మడత పైకి తీసి, గుండుసూదితో ఆపుతూ పోతారు. మడతలన్నీ ఒకే వెడల్పులో రావాలి. బిగుతు ఎక్కువైతే గంటలో తలనొప్పి, తక్కువైతే డాన్సు దగ్గర జారిపోతుంది. ముందే కుట్టి పెట్టిన ఆటో గెలె కూడా దొరుకుతుంది. 1960ల్లోనే షాదే థామస్ ఫామ్ అనే డిజైనర్ అలాంటివి తెచ్చారు, పనికి వెళ్ళే ఆడవాళ్ళకు సుఖంగా ఉండాలని. రోజువారీకి అదే మేలు. పెళ్ళికి మాత్రం కట్టించుకోవాలి, చెల్లించే ప్రతి నైరాకీ అందులో పనితనం ఉంది. హాల్లో డాన్సు చేసేవాళ్ళ మీద నోట్లు చల్లుతారు. 2007 నాటి కేంద్ర బ్యాంకు చట్టం ప్రకారం అది నేరం, కాబట్టి అతిథులం మనం ఆ జోలికి వెళ్ళొద్దు.

పెళ్ళికొడుకు వాళ్ళది రివర్స్ అనే రాష్ట్రం, కలాబరి జాతి. వాళ్ళ పెద్దావిడ నడుముకి చుట్టుకున్న గళ్ళ బట్ట చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ గళ్ళు మా ఊరివి! మద్రాసు రుమాలు పేరుతో చీరాల, పేరాల మగ్గాల మీద నేసిన బట్ట తరాల పాటు ఓడల్లో నైజీరియా చేరింది. కలాబరివాళ్ళు దాన్ని ఇంజిరి అంటారు, పుట్టుక నుంచి చావు దాకా ప్రతి శుభాశుభానికీ వాడతారు. ఆవిడ కట్టుకున్నది ఇంకా అపురూపం. గళ్ళలో కొన్ని దారాల్ని బ్లేడుతో కోసి, ఒక్కొక్కటీ లాగేసి, మిగిలిన దారాలతో కొత్త డిజైన్ తేల్చినది. పెలెటె బిటే అంటారట. ఎంతో ఓపిక ఉండాలి దానికి. నేను చీరాల నుంచి వచ్చానని మరదలు చెప్తే ఆవిడ లేచి కొంగు నా చేతిలో పెట్టి చూడమంది. ఇటు నేసిన చేతులకీ అటు కోసిన చేతులకీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఇప్పుడు మా వైపు ఆ మగ్గాలు చాలావరకు ఆగిపోయాయి, ఈ సంగతి మా పిల్లలకు బళ్ళో ఎవరూ చెప్పరు. చెప్పాలి.

ఒక రోజు మిగిల్చుకుని అబెయోకుటా వెళ్ళండి. రైలు చల్లగా, శుభ్రంగా ఉంది. దిగే స్టేషన్ మాత్రం ఊరికి దూరం, టాక్సీవాళ్ళతో ముందే ధర మాట్లాడుకోవాలి. ఒలుమో కొండ ఎక్కితే తుప్పు రంగు రేకుల ఊరంతా కనిపిస్తుంది, అంతవరకే. వెళ్ళాల్సింది ఇటోకు మార్కెట్‌కి, అడిరె బట్ట కోసం. కర్రపెండలం గంజిని కోడి ఈకతో బట్ట మీద గీసి, ఆరబెట్టి, నీలిమందులో ముంచుతారు. గంజి ఉన్నచోట రంగు పట్టదు. ఈక పట్టుకున్న అమ్మమ్మ గీత గీస్తుంటే చెయ్యి ఎక్కడా తొణకలేదు, కింద పెన్సిలు గుర్తు కూడా లేదు. ఆకుల నీలి ఇప్పుడు అరుదు, ఎక్కువగా రసాయన రంగులే. మిషను అచ్చు వేసిన నకిలీలు కూడా అదే మార్కెట్లో అమ్ముతున్నారు. గంజితో చేసినదైతే వెనకవైపు డిజైన్ మసకగా ఉంటుంది, గీతల్లో చిన్న చిన్న తేడాలుంటాయి. ఊరు వెళ్ళే తీరిక లేనివాళ్ళు లెక్కీలోని నికే ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళండి. అంతస్తులకొద్దీ బొమ్మలతో పాటు మంచి అడిరె ఉంటుంది. ధర ఇటోకు కన్నా ఎక్కువ.

కాలం విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. డిసెంబరులో విదేశాల నుంచి వాళ్ళ చుట్టాలంతా దిగుతారు, పెళ్ళిళ్ళు, విందులు అన్నీ అప్పుడే. మంచి టైలరెవరూ కొత్త ఆర్డరు తీసుకోరు, తీసుకున్నవాళ్ళని నమ్మలేం. ఫిబ్రవరి, మార్చి అనుకూలం. దిగిన మర్నాడే బట్ట కొని టైలర్‌కిచ్చేయండి, తిరుగు ప్రయాణానికి కనీసం వారం ముందు తేదీ చెప్పండి, ఫిట్టింగ్‌కి రెండుసార్లు వెళ్ళండి. అబెయోకుటా, గ్యాలరీ, మిగతా తిరుగుళ్ళన్నీ ఆ రెండు ఫిట్టింగుల మధ్య సర్దుకోవచ్చు.