డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్: కొన్నేళ్లు ఆఫీసులో వాడాక

విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్ అందరికీ తెలిసిందే. నేను చెప్పేది అందులో చాలామంది నొక్కి కూడా చూడని ఒక ఆప్షన్ గురించి: స్కాన్ ఆప్షన్స్‌లో కింద ఉండే ఆఫ్‌లైన్ స్కాన్. కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇది లేకపోతే మా ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌నీ ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టించేవాళ్లమో!

మాది విజయవాడలో చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ. సర్వర్ లేదు, ఒక సిస్టమ్‌లోని షేర్డ్ ఫోల్డరే అందరికీ దిక్కు. క్లయింట్లు ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో తెస్తారు, దాంతోపాటే షార్ట్‌కట్ వైరస్ వస్తుంది. ఫోల్డర్లు మాయమై వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు కనిపిస్తాయి. మామూలు స్కాన్‌లో పోయినట్టే పోయి, మర్నాడు మళ్లీ ప్రత్యక్షం. విండోస్ నడుస్తున్నంతసేపూ వైరస్ కూడా నడుస్తూ ఉంటుంది కదా, ఒక ఫైలు తీసేస్తే టాస్క్ షెడ్యూలర్‌లో (విండోస్ పనుల్ని తనంతట తానే మొదలుపెట్టే చోటు) దాక్కున్న ఇంకో ముక్క దాన్ని తిరిగి పుట్టిస్తుంది. ఆఫ్‌లైన్ స్కాన్ అలా కాదు. కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, విండోస్ లోడ్ కాకముందే వెతుకుతుంది. నిద్రపోతున్న దొంగని పట్టుకున్నట్టే. దాదాపు పావుగంట పని. 2016 నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఇది లోపలే ఉంది. అంతకుముందు బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవాల్సి వచ్చేది.

ఒకసారి జీఎస్టీఆర్-3బీ గడువు దగ్గరపడ్డ రోజుల్లో షేర్డ్ ఫోల్డర్‌లోనే షార్ట్‌కట్‌లు మొదలయ్యాయి. ఒక్కో సిస్టమ్‌నీ ఆఫ్‌లైన్ స్కాన్‌తో శుభ్రం చేయడం, లాన్ వైరు పెట్టగానే మళ్లీ అంటుకోవడం. ఒకటే టెన్షన్. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, ఫోల్డర్ ఉన్న సిస్టమ్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద సెషన్స్ చూశాను. ఒక్క కంప్యూటర్ మాత్రం ఇంకా కనెక్ట్ అయి ఉంది, ఓపెన్ ఫైల్స్‌లో దాని ఫైళ్లూ కనిపిస్తున్నాయి. జిరాక్స్ మెషిన్ పక్కన స్కానర్ కోసం పెట్టిన పాత సిస్టమ్ అది. అది ఎవరి సీటూ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్ దానికే గుచ్చుతారు.

తీరా దాంట్లో ఆఫ్‌లైన్ స్కాన్ నొక్కితే రీస్టార్ట్ అయి నేరుగా డెస్క్‌టాప్‌కి వచ్చేసింది. ఈ స్కాన్ నడిచేది విండోస్ రికవరీ భాగంలో, దాన్ని ఎప్పుడో ఎవరో ఆపేసి ఉన్నారు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'రీఏజెంట్‌సీ /ఎనేబుల్' కొట్టాక దారికొచ్చింది. అప్పుడు కంప్యూటర్లన్నిటినీ కలిపే లాన్ స్విచ్ నుంచి అన్ని వైర్లూ పీకేశాం. స్కాన్ వాడేది ఆ కంప్యూటర్‌లో అప్పటికే ఉన్న వైరస్ డెఫినిషన్లనే (వైరస్‌లను గుర్తుపట్టే జాబితా), అందుకని ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్‌తో ఒక్కోదాన్ని విడిగా అప్‌డేట్ చేసి, స్కాన్ పెట్టి, అన్నీ అయ్యాకే వైర్లు కలిపాం. అంతటితో బెడద వదిలింది.

అంటే ఈ స్కాన్ చూసేది ఆ ఒక్క కంప్యూటర్‌నే, పక్క సిస్టమ్ సంగతి దానికి పట్టదు. పావుగంట అన్నాను గానీ పాత హార్డ్‌డిస్క్ ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది. దాచేసిన ఫోల్డర్లను 'అట్రిబ్' కమాండ్‌తో మనమే బయటికి తీసుకోవాలి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు ఎవరూ ఏమీ నొక్కకుండానే నెట్‌వర్క్‌లో పాకింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటిది ఒకసారి ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసేశాక ఏ స్కానూ వాటిని వెనక్కి తేలేదు. అందుకే బ్యాకప్ డిస్కు పని అవగానే పీకి బీరువాలో పెడుతున్నాం.

మాలాగా ఐటీ మనిషి లేని, ఒక పూట పని ఆగినా తట్టుకోగల ఆఫీసుకి దీన్ని గట్టిగా చెబుతాను. డొమైన్ (కంప్యూటర్లన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే ఏర్పాటు), సర్వర్ ఉన్నచోట నేను వాడి చూడలేదు. మా దగ్గర కూడా నెట్ బ్యాంకింగ్ చేసే సిస్టమ్‌ని మాత్రం స్కాన్‌తో సరిపెట్టకుండా ఫార్మాట్ చేయించి, పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మార్చాం.